తాతయ్య మగ్గం ఆగిన రోజు

నా చిన్నప్పుడు మా వీధిలో తుఫాను అంటే బందరు వాళ్ల సంగతి. సముద్రం పక్కన ఉన్నవాళ్లు కదా భయపడాలి, మూటలు కట్టుకోవాలి. మాది కంకిపాడు దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు. చుట్టూ పంట కాలువలు, వరిచేలు. మా వీధిలో సగం మంది సముద్రం మొహం కూడా చూసి ఉండరు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెబితే, బయట ఆరేసిన నూలు లోపలికి తెమ్మనేవాడు మా తాతయ్య. మా ఇంట్లో తుఫాను జాగ్రత్త అంతవరకే.

తాతయ్యది నేతపని. మా వీధి మొత్తానిదీ అదే పని. ప్రతి ఇంటి ముందు గదిలో ఒక గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేసేవాళ్లు. తెల్లవారగానే తాతయ్య మగ్గం మొదలయ్యేది, ఆ వెనకే మిగతావి అందుకునేవి. ఏ ఇంట్లోనైనా పట్టపగలు మగ్గం ఆగిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదనో, చావు కబురు వచ్చిందనో అర్థం. వెంటనే ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసేవాళ్లు. మగ్గం ఆడుతోందంటే ఆ ఇల్లు క్షేమం. తాతయ్య మగ్గం ఆడుతోందంటే వీధంతా క్షేమం. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు, అందరికీ తెలిసిందే.

మా అమ్మానాన్నలు విజయవాడలో చిన్న బట్టల కొట్టు పెట్టుకుని, బడికి వెళ్లే వయసులో ఉన్న నన్ను తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంచారు. పక్కింటి అక్క భర్త కూడా ఆ కొట్లోనే పనిచేసేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అక్కకు అత్తమామలు లేరు, మా తాతయ్యనే మావయ్యగారూ అని పిలిచేది. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లి, మూడో నెలలో కొడుకును తీసుకుని తిరిగి వచ్చింది. బడి వదలగానే నేను చేరేది వాడి ఉయ్యాల దగ్గరికే. వాడు వింత పిల్లాడు. జోలపాటకు లొంగేవాడు కాదు. గోడ అవతల తాతయ్య మగ్గం ఆడుతుంటే మాత్రం కళ్లు మూతలు పడేవి. "మా వాడికి లాలి పాడేది మావయ్యగారి మగ్గమేనండీ" అని అక్క నాయనమ్మతో నవ్వుతూ అనేది. తాతయ్య ఆ మాటకు పైకి విసుక్కునేవాడు గానీ, వాడు పడుకునే వేళకు భోజనానికి లేవడం మానేశాడు.

ఆ రోజు పొద్దున టముకు వేశారు. గాలి పెద్దదవుతుందనీ, పూరిళ్లలో ఉన్నవాళ్లు ఊరి చివర రైసుమిల్లులోకి వెళ్లిపోవాలనీ చెప్పారు. ఆకాశం బూడిద రంగులో ఉంది. వాన సన్నగానే పడుతోంది. వీధిలో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అందరి చూపూ మా ఇంటి వైపే. నలుగురితో నారాయణా అన్నట్టుండే వీధి మాది, ఆ నలుగురిలో మొదటివాడు మా తాతయ్య.

"సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ" అని ఆయన గుంటలోకి దిగి కూర్చున్నాడు. మగ్గం మొదలైంది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి వీధి పొడవునా మగ్గాలు మోగాయి.

ఆయనది మొండితనమేనని చాలాకాలం అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషే, కాదనను. కానీ ఆ పూట నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి, వెళ్దామా అని అడిగినప్పుడు ఆయన గొంతు తగ్గించి చెప్పిన మాట నేను విన్నాను. "నేను లేస్తే పక్కింటి పిల్ల హడలిపోతుందే. ఒక్కతే ఉంది, చంటిపిల్లాడి తల్లి. చప్పుడు వినపడుతుంటే ధైర్యంగా ఉంటుంది." నాయనమ్మ వంటింట్లోకి తిరిగి వెళ్లింది. ఆ మాటలో ఉన్న ప్రేమను కాదనలేకపోయింది పాపం.

ఇంకాసేపటికి అక్క తమ్ముడు కంకిపాడు నుంచి గూడుబండి కట్టించుకుని వచ్చాడు. వాళ్ల పుట్టిల్లు డాబా. అక్కనూ పిల్లాణ్ణీ తీసుకురమ్మని వాళ్లమ్మ పంపింది. అప్పటికి గాలి ఇంకా లేవలేదు, బండి హాయిగా వెళ్లిపోయేది. అక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి గోడ వైపు తల తిప్పి విన్నది. "మావయ్యగారే కదల్లేదురా. ఈ వానలో పసివాణ్ణి ఎక్కడ తిప్పేది? నువ్వెళ్లు, అమ్మకు చెప్పు భయం లేదని" అంది. అతను రెండుసార్లు బతిమాలి, ఎడ్లు బెదురుతున్నాయని వెళ్లిపోయాడు. బండి వీధి మలుపు తిరిగే దాకా నేను అరుగు మీదే ఉండి చూశాను.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. ఇంటికప్పు మీది తాటాకులు పైకి లేచి పడటం మొదలుపెట్టాయి. కాలువ పొంగి నీళ్లు వీధిలోకి వచ్చాయి. మా ఇంట్లో నీళ్లు ముందుగా కనిపించింది గుమ్మంలో కాదు, మగ్గం గుంటలో. అడుగునుంచి నీళ్లు ఊరడంతో తాతయ్య మడమలు మునిగాయి. ఆయన పంచె పైకి దోపుకుని అలాగే తొక్కుతూ నేస్తున్నాడు. లేవమని నాయనమ్మ చెప్పింది, కసిరింది, ఏడ్చింది. ఆయనకు వినబడుతోందో లేదో కూడా తెలియలేదు. అప్పుడు ఆపితే పొద్దున ఆపనందుకు ఏం సమాధానం చెప్పాలో ఆయనకు తోచలేదని ఇప్పుడనుకుంటాను.

నాయనమ్మ గూట్లోంచి కత్తెర తీసింది. నేత పూర్తయిన చీరను మగ్గం మీంచి కోసి దించే కత్తెర అది. మా ఇళ్లలో చీర పూర్తయినా పడుగును, అంటే నిలువు పోగుల్ని, పూర్తిగా తీసెయ్యరు. పాత పోగుల కొసలు మగ్గానికే వదిలి, కొత్త పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. తాతయ్య మగ్గం మీద పడుగు అలా వాళ్ల నాన్న కాలం నుంచీ తెగకుండా వస్తున్నదట. సగంలో పడుగు కోస్తే ఇంటికి కీడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాయనమ్మ మగ్గం వెనక్కి వెళ్లి, ఆ పక్క నుంచి ఈ పక్కకు, బిగుతుగా ఉన్న పోగుల్ని కోసేసింది. చేతిలో అడ్డపోగు నడిపే నాడెతో తాతయ్య అలాగే కూర్చుండిపోయాడు. "అయిపోయింది. ఇంక లేవండి" అంది నాయనమ్మ, మామూలు గొంతుతో.

మా మగ్గం ఆగేసరికి అటుపక్క ఇంటి మగ్గం ఆగింది, దాని పక్కది ఆగింది. అంత గాలిలోనూ అది తెలిసింది నాకు. తలుపులు తెరుచుకున్నాయి, జనం మూటలతో నీళ్లలోకి దిగారు. తాతయ్య సగం నేసిన చీర గుడ్డను మగ్గం మీంచి లాగి చంకన పెట్టుకుని పక్కింటికి పరుగెత్తాడు. పిల్లాణ్ణి ఆ కొత్త గుడ్డలో చుట్టి తన గుండెకు అదుముకున్నాడు. గొడుగు తెరవగానే విరిగిపోయింది. మామూలప్పుడు నేను ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లినా ఇట్టే చేరే మిల్లు ఆ రోజు ఎంతకీ రాలేదు. వాన అడ్డంగా కొట్టింది. మిల్లు చేరేసరికి గుడ్డ పిండితే నీళ్లు, పిల్లాడి పెదాలు నీలం.

మిల్లులో ధాన్యం బస్తాల మధ్య అందరం ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నాం. మా వీధిలో మట్టిగోడలన్నీ ఆ తుఫానుకు పడిపోయాయి. మా ముందు గది గోడ సరిగ్గా గుంటలోకే కూలింది. మేం లేచి రాకపోతే ఏమయ్యేదో అందరూ చెప్పుకున్నారు, నాయనమ్మ చేతులు పట్టుకుని దండాలు పెట్టారు. పిల్లాడికి మాత్రం జ్వరం వచ్చింది, డొక్కలు ఎగరేశాడు. రోడ్డు నిండా చెట్లు పడి ఉండటంతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే దారి లేదు. విజయవాడ నుంచి వాళ్ల నాన్న నడిచి నడిచి వచ్చేసరికి వాడు లేడు. వాడిని ఆ సగం నేసిన గుడ్డలోనే సాగనంపారు.

కీడన్నవాళ్లూ ఉన్నారు. పడుగు కోసింది కాబట్టే పసివాడు పోయాడని ఎవరో నాయనమ్మ వినేలా అన్నారు. తాతయ్య అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. "కోసినందుకు కాదు, ఆలస్యంగా కోసినందుకు. పొద్దున్నే నేను కొయ్యాల్సింది" అన్నాడు.

ఇల్లు మళ్లీ కట్టుకున్నాం. మట్టి కింద నుంచి తీసిన మగ్గాన్ని, మిగిలిన పోగులతోనే నిలబెట్టుకున్నాం. తాతయ్య మాత్రం దాని దగ్గరికి వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని వీధి మలుపు వైపు చూసేవాడు, గూడుబండి వెళ్లిన మలుపు వైపు. వీధిలో మిగతా మగ్గాలు ఆడుతున్నా ఏదో వెలితిగా ఉండేది. ఒకరోజు అక్క వచ్చింది. మనిషి సగమైపోయింది. ఆయన తల దించుకున్నాడు. అక్క ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. "మగ్గం ఆడించండి మావయ్యగారూ. చప్పుడు లేకపోతే వాడింకా పడుకోలేదనే అనిపిస్తోందండీ" అంది. మా తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు ఆయన మగ్గం ముందు కూర్చుని, తెగిన పాత పోగులకు కొత్త పోగుల్ని అతకడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని ఒక్కో కొస అందించాను. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం, రేడియో వాయుగుండం అనగానే మగ్గం ఆపేసేవాడు. మూట పట్టుకుని, తలుపుకు తాళం వేసి, అందరికీ కనిపించేలా వీధి మధ్యలో నిలబడేవాడు. చాలాసార్లు చినుకు కూడా పడేది కాదు. కుర్రాళ్లు నవ్వేవాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని పెద్దవాళ్లు చాటుగా అనుకునేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. నవ్వుతూనే అయినా వీధి ఆయన వెనకే నడిచేది.

ఇప్పుడు నేను విజయవాడలో ఉంటున్నాను, రెండో అంతస్తులో. టీచరుగా రిటైరయ్యాక అపార్టుమెంటులో నేనే పెద్దదాన్నయ్యాను. మొన్న వరద హెచ్చరిక వచ్చి ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. మా అబ్బాయి ఫోన్ చేసి, "మనదాకా నీళ్లు రావమ్మా, ఎక్కడికీ కదలకు" అన్నాడు. వాడన్నది నిజమే, నాదాకా రావు. కింద గ్రౌండ్ ఫ్లోర్ వాటాలో ఒక అమ్మాయి ఉంటుంది, భర్త రాత్రి డ్యూటీల మనిషి, చంకలో చంటిది. మెట్ల దగ్గరికి వచ్చి తల పైకెత్తి అడిగింది, "మీరు ఉంటున్నారా ఆంటీ, వెళ్తున్నారా?"

"వెళ్తున్నానమ్మా. నువ్వూ బయల్దేరు" అన్నాను. గదిలో ఆడుతున్న టీవీ కట్టేశాను. సంచి తీసుకుని, తలుపుకు తాళం వేసి, మెట్ల మీద నిలబడ్డాను. కింద ఆ అమ్మాయి పాలసీసా వెతుక్కుంటున్న చప్పుడు, కాసేపటికి తాళం వేస్తున్న చప్పుడు వినబడ్డాయి. ఇద్దరం ఆటో ఎక్కాక ఆ చంటిదాన్ని నా ఒళ్లోకి తీసుకుని నా కొంగులో చుట్టాను. కొంగు పొడిగా ఉంది. అదొక్కటే చాలాసేపు తడిమి చూసుకుంటూ కూర్చున్నాను.