ఉప్పు కలిపిన నల్లబెల్లం

నా చిన్నప్పుడు ఒకసారి ప్రభుత్వం సారాయి మీద పన్ను పెంచింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందని పైవాళ్లు అనుకుని ఉంటారు. పుంగనూరు దగ్గర మా ఊళ్లో జరిగింది వేరు. అంగడి సారాయి కొనలేని మగవాళ్లంతా కొండ కింద దొంగచాటుగా కాచే నాటుసారా వైపు మళ్లారు. అంతవరకు వారానికొకసారి రాజే ఆ బట్టీ పొయ్యి ఇక ఆరనే లేదు. అటు మళ్లినవాళ్లలో మా నాయన కూడా ఒకడు. పగలంతా ఎంత మంచి మనిషో, పొద్దుగూకితే అంత పనికిమాలిన మనిషి.

నాటుసారాకు బెల్లం కావాలి, అది నల్లబెల్లమైనా చాలు. ఆ ఏడు మా చెరుకు చివరి కోతల్లో వాన పడి, వండిన బెల్లమంతా నల్లబడి కూర్చుంది. సంతలో ఎవరూ ముట్టలేదు. ఆ నాటుసారా బట్టీ నడిపే ఆయన మాత్రం మా గడపకొచ్చి, మంచిబెల్లం ధరకే మొత్తం తీసుకుంటానన్నాడు. ఏటా ఇలాగే ఇస్తే నాయనకు తాగినంత సారా ఉచితమట. నాయన మొహం చాటంత అయింది. శుక్రవారం బండి తోలుకురమ్మని మాటిచ్చేశాడు. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ బండి కదిలితే నాయన ఇక మాకు దక్కడని నాకు కూడా అర్థమైంది.

మా అవ్వ నోరు ఊరంతటికీ తెలుసు. అలాంటిది ఆమె నాయన్ని తిట్టడం మాని కల్లుప్పు మూటలు తెప్పించుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం పొద్దున నాయన పనిమీద మదనపల్లెకు పోగానే అవ్వ కొంగు బిగించింది. అమ్మనూ పక్కింటి అక్కనూ పిలిచి, గానుగ దగ్గరి పెద్ద పెనంలో నల్లబెల్లమంతా కరిగించింది. అందులో గంపలకొద్దీ కల్లుప్పు, తవుడు పోసి కలిపి, చల్లారుతుంటే మా చేత ముద్దలు కట్టించింది. అవి దుక్కుల ముందు సత్తువకు ఎద్దులు నాకే ముద్దలు. ఏడాదికి నాలుగైదు చేసేది, అంతే.

"యాలవ్వా ఇన్ని?" అని అడిగాను.

"మీ నాయన్ని ఇడిపించుకుంటాండాను. గమ్మున కట్టు," అంది.

మధ్యాహ్నం బట్టీ ఆయన బండితో వచ్చాడు. ఒక ముద్ద విరిచి నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. అంత ఉప్పు పడిన బెల్లం పులియదు, పులియకపోతే సారా రాదు. ఆ సంగతి మా అవ్వకూ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

"ఏందమ్మా, సరుకంతా నాశనం సేసినావే," అన్నాడు.

"నీకు నాశనం, ఎద్దులకు పండగ. బండి ఎట్టాగూ కాళీగా ఉండాది కదప్పా, వీట్ని సంతలో దించిపో," అంది అవ్వ. అతను బండి తిప్పుకుపోయిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

నాయన తిరిగొచ్చి ఇల్లు పీకి పందిరి వేశాడు. "తిట్టప్పా, బాగా తిట్టు. రేపు సంతలో అరిసేదానికి గొంతు రవ్వంత మిగుల్చుకో," అంది అవ్వ.

మర్నాడు పుంగనూరు పశువుల సంతలో మా గంపల చుట్టూ రైతులు మూగారు. దుక్కులు దగ్గరపడుతున్న రోజులు. మధ్యాహ్నానికి ముద్ద మిగల్లేదు. మొన్నటిదాకా నాయన కనిపిస్తే తప్పుకుపోయినవాళ్లు, మళ్లీ ఎప్పుడు తెస్తావని ఆయన భుజం మీద చెయ్యి వేసి అడిగారు. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఆ రోజే ఆయన తాగుడు మానేశాడంటే అబద్ధమవుతుంది. మెల్లగా మానాడు. మరుసటి ఏడు ఉప్పు మూట తానే మోసుకొచ్చి పెనం పక్కన దించాడు. చుట్టుపక్కల గానుగలవాళ్లూ ముద్దలు కట్టడం నేర్చారు. బెల్లం దొరక్క కొండ కింద పొయ్యి ఆరిపోయింది.

పన్ను వేసేవాళ్లు వేస్తారు, తాగేవాళ్లు దారులు వెతుక్కుంటారు. మన ఇంటినుంచి ఏది పోవాలో మాత్రం మన చేతిలోనే ఉందని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు నేనుండేది కుప్పంలో. ఈమధ్య ఇక్కడ మందు ధరలు పెరగగానే సరిహద్దు అవతలి రాష్ట్రం నుంచి చవక మందు ప్యాకెట్లు దొంగచాటుగా దిగాయి. ఖాళీగా ఉన్న మా పశువుల కొట్టం అద్దెకిస్తే పెట్టెలు దాచుకుంటానని ఒకాయన వచ్చాడు. వారం ఆగి రమ్మన్నాను. అతను వచ్చేసరికి కొట్టం నిండా కుట్టుమిషన్లు, వాటి ముందు మా వీధి ఆడవాళ్లు.

"యాడ పెడతావప్పా నీ పెట్టెలు? నువ్వే సూపించు," అన్నాను.