సబ్బు అతుకు

ఓదెలు నారాయణగూడలో ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని, చిక్కడపల్లి సందులో సొంత షెడ్డు వేసుకున్నాడు. పాత ఫియట్ కార్లంటే ప్రాణం పెడతాడు. కొత్త బండిని ఎవడైనా బాగుచేస్తాడు, ముసలిదాన్ని బతిమాలి నడిపించాలి అంటాడు. చేతులు బంగారమే గానీ నోటితోనే చిక్కు. చెప్పాల్సిన మాట సగం చెప్పి, మిగతా సగం ఎదుటివాడికి తెలిసే ఉంటుందని ఊరుకుంటాడు. ఆ మిగిలిన సగమే ఒక దసరా నాడు అతన్ని వీధుల్లో ఉరికించింది.

ఆ పొద్దున షెడ్డు ముందు అతని భార్య ఎల్లవ్వ పానాలు, జాకీ, సుత్తెలు సబ్బుతో తోమి, వరసగా పేర్చి పసుపు కుంకుమలు పెడుతోంది. గోడకు వేలాడుతున్న కొత్త పెట్రోలు పైపునూ వదలకుండా దానికీ ఒక బొట్టు పెట్టింది. ఓదెలు స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ, మోరీలోకి జారిపోతున్న సబ్బు నురగను చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

పండుగకు ముందు అశోక్‌నగర్ జగదీశ్వర్ సారు తన తండ్రి నాటి ఫియట్ తెచ్చాడు. ఇంజను కింద పెట్రోలు పైపు తుప్పు తిని, చుక్కచుక్కగా కారుతోంది. షెడ్డు నిండా పండుగ బండ్లు. ఓదెలు ఉస్తాదు నేర్పిన ఉపాయమే చేశాడు. సబ్బు ముద్దను మెత్తగా పిసికి చిల్లు మీద అద్ది, పైన గుడ్డ చుట్టాడు. సబ్బు పెట్రోలుకు కరగదు, కారడం ఆగిపోయింది.

"పండుగ ఎల్లినంక కొత్త పైపేస్త సార్. అప్పటిదాంక దూరం తిప్పకున్రి" అన్నాడు.

కడగొద్దని మాత్రం అనలేదు. పెట్రోలుకు లొంగని సబ్బు నీళ్ళకు లొంగుతుందని ఎవరికి తెలియదు? కానీ దసరా నాడు బండి కడగని ఇల్లెక్కడుంది? కడిగి ఊరుకుంటారా, బండి ముందు కర్పూరం వెలిగించి హారతిస్తారు.

ఓదెలు లేచి కొత్త పైపు లాగి మెడలో వేసుకున్నాడు. క్లిప్పులు, ఆకురాయి, పట్టకారు సంచిలో పడేశాడు.

ఎల్లవ్వ లబలబలాడింది. "ఏందయ్యా, పూజల వెట్టిన సామాను ఎత్తుతవా? ఇయ్యాల ముట్టొద్దు!"

"ముట్టకుంటె ఆడ కొంప అంటుకుంటదే!" అంటూ సైకిలెక్కాడు.

దారిపొడుగునా ప్రతి గుమ్మం ముందూ కడిగిన స్కూటర్లు, బంతిపూల దండలు, కర్పూరం మంటలు. ఒక్కొక్క మంట కనబడినప్పుడల్లా ఓదెలు పెడలు ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు. ఫోను చేద్దామంటే బూతుకు తాళం, తెరిచి ఉన్నా సారు నంబరు తెలియదు. సారు తల్లి, సారు భార్య, అందరూ ఆ కారు చుట్టూ నిలబడి ఉంటారు. 'ఆ ఒక్క మాట చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలునా ఓదెలూ' అని తనను తానే తిట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకున్నాడు. కాలేది తన చేతులు కాదన్న భయం మరీ పీడించింది.

అశోక్‌నగర్ సందు మలుపు తిరిగేసరికి ఫియట్ తళతళలాడుతూ కనబడింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. జగదీశ్వర్ భార్య వీణ హారతి పళ్ళెం పట్టుకుని బండి ముందుకు వంగుతోంది. కర్పూరం మండుతోంది.

"అమ్మా, దీపం ఆర్పున్రి! ఆర్పున్రి!" అని సందు దద్దరిల్లేలా అరిచాడు.

జగదీశ్వర్ తల్లి హనుమమ్మకు కళ్ళెర్రబడ్డాయి. "పండుగ పూట దీపం ఆర్పుమంటవా? నీ నోట్ల మన్ను వడ!"

వీణ మాత్రం అతని మొహం చూసి, గబగబా పళ్ళెంతో ఇంట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు గానీ ఓదెలుకు ఊపిరి ఆడలేదు. తడి నేల మీద పడుకుని బండి కిందికి దూరాడు. గుడ్డ జారి వేలాడుతోంది, సబ్బు జాడే లేదు. కడిగిన నీళ్ళలో పెట్రోలు కలిసి రంగులు తేలుతున్నాయి. అగరొత్తుల పొగలో ఎవరికీ వాసన తెలియలేదు.

బయటికొచ్చి తడిసిన అరచేతిని జగదీశ్వర్‌కు చూపించాడు. "తప్పు నాదే సార్. కడగొద్దని చెప్పలే."

జగదీశ్వర్ ఆ చేతిని వాసన చూసి, అరుగు మీద కూలబడ్డాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఓదెలుకు.

అందరూ కలిసి బండిని గేటు అవతల పొడి నేల మీదికి నెట్టారు. కారిన చోట ఇసుక పోశారు. ఓదెలు టాంకు వైపు పైపుకు బిరడా బిగించి, తుప్పు ముక్కను కోసి పారేసి, మిగిలిన కొసలను ఆకురాయితో నున్నగా రాకాడు. కుంకుమ బొట్టున్న కొత్త పైపును రెండు కొసలకూ ఎక్కించి క్లిప్పులు బిగించాడు. ఇంజను ఆన్ చేయించి, పొడిగుడ్డతో అతుకులు తుడిచి చూశాడు. మళ్ళీ తుడిచాడు. నమ్మకం కుదరక ఇంకోసారి తుడిచాడు.

"ఇగ హారతి ముట్టియ్యొచ్చా?" అని హనుమమ్మ అనుమానంగా అడిగింది.

"ముట్టియ్యున్రమ్మ" అన్నాడు గానీ పక్కకు తప్పుకోలేదు. ఏమన్నా అయితే ముందు తనకే కావాలని, ఇంజనుకూ హారతికీ మధ్య నిలబడ్డాడు. కర్పూరం కొండెక్కేదాకా కదల్లేదు.

తర్వాత హనుమమ్మే మెత్తబడి, తినిపొమ్మంది. వీణ చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళు, కొత్త సబ్బు తెచ్చిచ్చింది.

ఓదెలు సబ్బు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సబ్బొద్దమ్మ. గింత మన్నుంటె ఇయ్యి."