మా అవ్వకు రోమ్ ముక్కు

రోమ్ మహారాణిని మా అవ్వగా చలామణీ చేసి, చుట్టాలందరి చేతా మొక్కించిన మొనగాడిని నేను. ఆ పూట నా పరువూ, నా నాణేలూ కలిసి కంసాలి కుంపట్లో పడాల్సినవే. ఎలా బయటపడ్డానో వినండి.

నాకు పాత వెండి నాణేల పిచ్చి. అందులోనూ రోమ్ రాణుల బొమ్మలున్నవంటే ప్రాణం. ఏ గురువూ లేకుండా, కొప్పును బట్టి ఏ రాణిది ఏ కాలమో చెప్పగలిగేంత నేర్చుకున్నాను. హోసూరులో ఆ విద్యను మెచ్చుకున్న మనిషి ఒక్కడుంటే చూపించండి! మా ఆవిడ జయమ్మ అయితే, ఇంకొక్క బిళ్ళ ఇంట్లోకి వస్తే అన్నీ కరిగించి కాళ్ళ గొలుసులు చేయించుకుంటానని తేల్చి చెప్పింది.

ఆ వారమే ఒకటి కొన్నాను. పావలా అంత వెండి, దాని మీద తలకు ముసుగేసుకున్న రాణి. చొక్కా ఉతకబోతూ జేబులో దాన్ని పట్టుకుంది జయమ్మ.

"ఇదెవరు?"

ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. "మా అవ్వ. ముత్తైదువగా పోయింది కదా, పేరంటాలుగా నిలుపుదామని చేయించినాను."

మొగుడి కంటే ముందు కన్నుమూసిన ఇల్లాలి ముఖాన్ని వెండిలో చేయించి, దేవుడి గూట్లో పెట్టి కొలవడం మా వైపు ఆచారం. జయమ్మ కళ్ళు చెమర్చాయి. గెలిచానని నేను మీసం దువ్వుకునేలోపే ఆమె మా వాళ్ళుండే వేప్పనపల్లికి ఫోన్ చేసేసింది. ఆదివారానికి వ్యాను నిండా చుట్టాలు. అందరికంటే ముందు దిగింది మునెమ్మత్త, మా అవ్వ కన్న కూతురు. నేను పుట్టకముందే పోయిన ఆ అవ్వ ముఖం గుర్తున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

పసుపు, కుంకుమ, పొంగలి అన్నీ అయ్యాక అత్త ఆ బిళ్ళను కంటి దగ్గర పెట్టుకుంది. నా గుండె సూళగిరి రోడ్డు మీద లారీలా మోగుతోంది.

"రేయ్ నారాయణప్పా, ఈ ముక్కేమిరా ఇంత పొడుగుంది?"

"ఆచారి చెయ్యి జారిందత్తా."

"చుట్టూ ఈ రాతలేమి?"

"మంత్రం."

ఆ లాటిన్ మంత్రాన్ని అత్త వేలితో తడుముతోంది. జయమ్మ చూపుల్లో కాళ్ళ గొలుసులు ఘల్లుమంటున్నాయి.

ఉన్నట్టుండి అత్త ఏడ్చింది. "ఒక ఫోటో అన్నా లేకపాయె మా అమ్మకి. ఇట్లనే కొంగు కప్పుకోని, ఆ పక్కకే చూస్తా ఉండె. మా అమ్మే రా."

అందరికంటే ముందు నేనే సాష్టాంగపడ్డాను. భక్తి కాదు, ముఖం దాచుకోవడానికి.

చుట్టాలు వెళ్ళాక నా నాణేల పుస్తకం తిరగేశాను. ఆ రాణి కూడా మొగుడి కంటే ముందే పోయిందట. రాజు ఆమెను దేవతను చేసి, గుడి కట్టించి, ఆ నాణెం కొట్టించాడట. అంటే, రోమ్‌వాళ్ళు ఎన్నడో మానేసిన పూజను హోసూరులో మళ్ళీ మొదలుపెట్టిన ఘనత నాదే! ఒక్కడైనా శాలువా కప్పాడా? లేదు.

అయితే శాలువాను మించింది దక్కింది. ఒక ఉదయం కాఫీ గ్లాసు చేతికిస్తూ జయమ్మ అంది: "మీ అవ్వ గూట్లో ఒంటిగా కూచోనుంది. మా అవ్వనీ చేయించుకోని రాండి. మునెమ్మత్త వాళ్ళ అత్తకీ ఒకటి కావాలంట. మా అవ్వకి కొప్పు పెద్దది, ఆ ఆచారికి మరవకుండా చెప్పండి."

అందుకే మా గూట్లోని అవ్వలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ రోమ్ రాణినీ దొంగతనంగా చొక్కా జేబులో తీసుకురాను. దర్జాగా వాకిట్లో నిలబెట్టి, జయమ్మ చేతనే హారతి పట్టించి లోపలికి తెస్తాను.