బొటనవేలి తొడుగు

మా ఆయన మేజిక్ చేసి బతుకుతాడు. బడుల్లో, పుట్టినరోజుల్లో రుమాలు మాయం చేస్తాడు. ఆట అయ్యాక, అది దాక్కున్న ప్లాస్టిక్ బొటనవేలి తొడుగు ఊడదీసి పిల్లలకు చూపించేస్తాడు. మాయ లేదర్రా, మీరు నా వేలు వదిలేసి ముఖం చూశారు, అంతే అంటాడు. గుట్టు విప్పే గారడీవాణ్ణి రెండోసారి ఎవరు పిలుస్తారు? పెళ్లయిన నాటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను.

ఆయన అక్కకు, అంటే మా వదినకు, కడుపులో గడ్డ బయటపడింది. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే బతుకుతుందని డాక్టరమ్మ చెప్పింది. వదినకు కత్తంటే వణుకు. కోయకుండా ఒట్టి చేతులతో గడ్డలు తీస్తాడనే ఒకడి దగ్గరికి పోయింది. వాడు కడుపు మీద చేతులాడించి నెత్తుటి ముద్ద తీసి చూపించాడట. గడ్డ పోయింది, ఇక ఆసుపత్రి దేనికని కూర్చుంది. వీళ్లింట్లో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు.

మా ఆయన ఆవిణ్ణి మా ఇంటి బల్ల మీద పడుకోబెట్టాడు. కోడి కార్జం ముక్కకు ఎర్రరంగు పూసి తొడుగులో దాచి, వాడు చేసినట్టే చేశాడు. ముద్ద బయటికొచ్చింది. వెంటనే తొడుగు ఊడదీసి ఆవిడ కళ్ల ముందు పెట్టాడు. ఇందులోంచే వచ్చింది, నీ కడుపులోంచి కాదని చెప్పి, నెమ్మదిగా మళ్లీ చేసి చూపించాడు.

వదిన తొడుగు వంక చూడనే లేదు. పళ్లెంలోని ముద్దను చూస్తూ హాయిగా ఊపిరి వదిలింది.

"నొప్పి తగ్గిందిరా తమ్ముడూ. నీ చేతిలో ఏముందో నీకే తెలీదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇంతకంటే నయం. ఆయన బతిమాలాడు, తిట్టాడు, డాక్టరమ్మను ఇంటికే తెచ్చాడు. నేనూ నోరు చేసుకున్నాను. ఇంట్లోనే వైద్యుణ్ణి పెట్టుకుని ఆసుపత్రికి పోవడమేంటని వదిన నవ్వేది. నా ఒళ్లు మండిపోయేది. చివరికి నొప్పికి తాళలేక తనే వస్తానంటే తీసుకెళ్లాం. చేయి దాటిపోయిందన్నారు.

మంచం పట్టాక మందులకు కూడా నొప్పి లొంగలేదు. తమ్ముడు చేయి వేస్తే చాలని ఏడ్చేది. ఆయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఇక చూడలేక నేనే మాంసం కొట్టుకు వెళ్లి, కార్జం ముక్క తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన నన్ను చూసిన చూపు చచ్చినా మరచిపోలేను.

లేచి తొడుగు పెట్టుకున్నాడు. ఈసారి దాన్ని విప్పి చూపించలేదు.

"అంతా తీసేశావా?"

"తీసేశానక్కా."

వదిన కళ్లు మూసుకుని నిద్రపోయింది.

ఆవిడ పోయాక ఆయన బడులకు వెళ్లడం మానేశాడు. వెళ్లమని పోరితే, మాయ లేదని పిల్లలకు ఏ ముఖంతో చెప్పను అంటాడు.