మానుకోటకు మా యాడి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఏడాది పాటు నేను నటుణ్ణి అవుతానని గట్టిగా నమ్మాను. ప్రత్యేక రాష్ట్రం కావాలని మా దిక్కున మొదటిసారి ఉద్యమం లేచిన ఏడు అది. బళ్ళు మూతపడ్డాయి, కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగేవి. నాకప్పుడు పదమూడేళ్ళు. మహబూబాబాదులో, అంటే మేము మానుకోట అని పిలుచుకునే ఊళ్ళో, హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ ఏడాది ఊరేగింపుల గురించి, నినాదాల గురించి నేను చాలామందికి చాలా చెప్పాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాది గంగారం అడవి వైపు ఒక తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మను యాడి అంటాం. మా నాయినకు ఒక చెలక, అంటే వాన మీద పండే చేను, ఉండేది, వానలు లేని ఏడు ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. తండాలో బడి మొహం చూసిన మొదటి పిల్లవాణ్ణి నేనే. యాడి పట్టుబట్టి పంపింది. తెలుగు నాకు తొందరగా పట్టుబడింది. ఎంతగా అంటే, ఎవరైనా చెబితే తప్ప నేను తండా పిల్లవాణ్ణని తెలిసేది కాదు. అది నాకు లోలోపల గొప్పగా ఉండేది.

హాస్టల్ మూసినప్పుడు అందరూ ఇళ్ళకు పోయారు, నేను పోలేదు. బజారులో ఒక కిరాణా షావుకారు ఉండేవాడు. ఆయన పెద్దకొడుకు కాలేజీలో చదివేవాడు, ఉద్యమం కోసం ఊరూరా నాటకం ఆడాలని పిల్లలను పోగుచేస్తున్నాడు. అందరం ఆయన్ను అన్న అనే పిలిచేవాళ్ళం. నేను పోయి నిలబడితే, నా గొంతు విని ఉండిపొమ్మన్నాడు. దుకాణం వెనక గదిలో పడుకునేవాణ్ణి, వాళ్ళింట్లో తినేవాణ్ణి. మీది ఏ ఊరు బిడ్డా అని అన్న వాళ్ళమ్మ అడిగితే నెల్లికుదురు అని చెప్పాను. మా నాయినకు అక్కడ పొలం ఉందన్నాను. నిజం చెబితే పెరుగు వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగుతుందేమోనని భయం. ఆ చెయ్యి ఆగేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే ఉంచుకోలేదు.

నాటకం మా దిక్కు మాట గురించే. ఒక రైతు కొడుకు పని మీద ఆఫీసుకు పోతాడు. అక్కడి అధికారి ఆ పిల్లవాడి మాట విని నవ్వుతాడు, మాట్లాడడం నేర్చుకుని రమ్మంటాడు. పిల్లవాడు గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి సమాధానం చెబుతాడు. ఆ పిల్లవాడు నేను. మా దిక్కున అమ్మను అవ్వ అంటారు. "గిది మా అవ్వ మాట. గీ మాటకు సిగ్గువడ్డనాడు నేను మా అవ్వకు పుట్టనట్టే." అన్న రాసిన ఆ రెండు ముక్కలు నేను చెబుతుంటే జనం లేచి నిలబడేవాళ్ళు. దంతాలపల్లిలో ఒక ముసలాయన నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. ఉద్యమం అయిపోయాక హైదరాబాదు పోయి నాటకాల్లో చేరాలని, అక్కడి నుంచి సినిమాల్లోకి పోవాలని అప్పుడే అనుకున్నాను. అద్దం దొరికితే చాలు, మొహం అటూ ఇటూ తిప్పి చూసుకునేవాణ్ణి. ఇంటికి ఒక్క కబురు పంపలేదు.

ఆ రోజు మానుకోట అంగట్లోనే నాటకం. మధ్యాహ్నం పూట దుకాణం ముందు బల్లలు పేర్చి వేదిక కడుతున్నాం. నేను అన్న పక్కన నిలబడి తాడు అందిస్తున్నాను. ఎదురుగా బజారులో ఒక ఆడమనిషి నిలబడి మా వైపే చూస్తోంది. అద్దాల లంగా, మోచేతులు దాటి తెల్లగాజులు, చంకలో గుడ్డమూట. మోకాళ్ళ దాకా దుమ్ము. మా యాడి. పట్నంలో పోరగాళ్ళను పోలీసులు పట్టుకుపోతున్నారని తండాలో ఎవరో చెప్పారట. బస్సులు లేవు. రెండు రోజులు నడిచి వచ్చింది.

నన్ను చూసి ఆమె మొహం ఎలా విప్పారిందో ఇప్పుడు రాస్తుంటే కూడా కనిపిస్తోంది. నోరు తెరిచి ఏదో అనబోయింది. ఈలోగా అన్న ఆమెను చూసి నన్ను అడిగాడు.

"ఎవలు తమ్మీ? నిన్నే చూస్తున్నది."

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేదని కూడా అనలేను. "మా పొలానికి కూలికొస్తదన్నా" అన్నాను.

యాడికి తెలుగు బాగా వచ్చు. సంతలో బేరానికి దిగితే ఆమె ముందు ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. నా మాట ఆమె చెవిన పడింది. ఒక్కసారి నా కళ్ళలోకి చూసింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, వంగి అన్నకు దండం పెట్టింది.

"ఈ పిలగాని అవ్వ పంపింది సేటూ. ఆమెకు పానం మంచిగ లేదు. మంచిగున్నడా, సూసి రమ్మన్నది."

ఎన్నడూ తడబడని మనిషి, కొత్తగా తెలుగు నేర్చినదానిలా ఒక్కొక్క మాట వెతుక్కుంటూ చెప్పింది. వాళ్ళవ్వ ఈ రొట్టెలు ఇమ్మన్నదని మూట నా చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు నా వేళ్ళు తగలకుండా ఇచ్చింది. అన్న మంచివాడు. ఇంత దూరం నడిచి వచ్చిందని జాలిపడి, లోపల్నుంచి బెల్లం ముక్క తెచ్చి కాగితంలో చుట్టి ఇచ్చాడు. మా యాడి ఎవరి ముందూ చెయ్యి చాపిన మనిషి కాదు. కరువు ఏడు మా మేనమామ గింజలు పంపితే తిప్పి పంపింది. ఆ రోజు కొంగు రెండు చేతులా పట్టి చాపింది. కూలిమనిషి అలాగే తీసుకుంటుంది కనుక తీసుకుంది.

అన్న ఆమెను నాటకం చూసి పొమ్మన్నాడు. పొద్దు వాలకముందే ఆట మొదలైంది. ఆడవాళ్ళ వెనక, ఒక బండి చక్రానికి ఆనుకుని కూర్చుంది యాడి. అధికారి నవ్వాడు. నేను గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాను. గొంతు పెగలదేమోనని ఒక్క క్షణం అనిపించింది. అలా జరిగి ఉంటే ఈ రోజు చెప్పుకోవడానికి కొంచెం తేలికగా ఉండేది. కానీ గొంతు పెగిలింది. ఆ రెండు ముక్కలూ అంతకుముందు ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాను. అంగడి అంతా లేచి చప్పట్లు కొట్టింది. యాడి కూడా లేచి కొట్టింది.

నేను వేదిక దిగి వచ్చేసరికి ఆమె లేదు. రైలు గేటు దాటి పోతుంటే పరుగెత్తి అందుకున్నాను. ఆమె ఆగి ముందు నా వెనక్కి చూసింది, ఎవరైనా వస్తున్నారేమోనని. అక్కడి నుంచి మేము మా భాషలోనే మాట్లాడుకున్నాం. ఇంత దూరం ఎందుకొచ్చినవ్, ఎవరన్నా చూస్తరు, వెనక్కి పో అంది. నేను కదలలేదు. ఆమె నా మొహం చూసి ఒక్క మాట అడిగింది.

"అవ్వ గురించి చెప్పినవు గద, గా మాట నీదేనా, ఎవరన్నా రాసిచ్చిండ్రా?"

"అన్న రాసిండు" అన్నాను.

"మంచిగ రాసిండు" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మెచ్చుకుంది. తలమీది కొంగు సర్దుకుని నడిచిపోయింది. నేను దుకాణానికి వచ్చి, మూట విప్పి రొట్టెలు తిన్నాను. ఆకలిగా ఉంది కాబట్టి తిన్నాను. ఆ ఆకలికి కూడా నాకు సిగ్గే.

అన్నకు ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మరో ఊళ్ళో ఆడుతున్నప్పుడు, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాక మాట రాలేదు. అన్న వెనక నుంచి అందించాడు, అయినా రాలేదు. ఆట ఆగింది. అప్పుడు చెప్పాను, ఆమె మా యాడి అని. ఆయన కోప్పడతాడనుకున్నాను. "అయితే నేను మీ అమ్మకు గుమ్మంల నిలవెట్టి బెల్లం ముక్క ఇచ్చిన్నా" అన్నాడు. నా తప్పుకు ఆయన తల దించుకున్నాడు. ఇంటికి పో తమ్మీ అన్నాడు.

తండాకు పోయేసరికి పిల్లలంతా ఎదురొచ్చారు. యాడి వాళ్ళకు ఏం చెప్పిందో అప్పుడు తెలిసింది. నేను వేదిక మీద నిలబడితే మానుకోట అంతా చప్పట్లు కొట్టిందట. నా దోస్తులు ఆమెకు పీట వేసి అన్నం పెట్టారట. నీ కొడుక్కి అమ్మంటే ఎంత ప్రేమో అని నోరారా పొగిడారట. బెల్లం నేనే పంపానని తండాలో ఇంటింటికీ చిటికెడు చొప్పున పంచింది. మా నాయిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ యాడిని బాగా చూసుకున్నావంట గదా అన్నాడు. యాడి పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు. నేను అవునన్నాను.

నటుణ్ణి కాలేదు. పంతుల్ని అయ్యాను. యాడి ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా బతికింది. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను. మొదలుపెట్టేసరికి ఆమె వానల సంగతో, పిల్లల చదువుల సంగతో ఎత్తేది. కావాలనే ఎత్తేదని నాకు తెలుసు. నేను ఆగిపోయేవాణ్ణి. ఆగడం నాకు సుఖంగా ఉండేదనీ ఒప్పుకోవాలి.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. దవాఖానలో కానీ, పెళ్ళిలో కానీ, మా వాళ్ళెవరైనా నా పక్కకు వచ్చి నిలబడితే, ఎవరూ అడగకముందే ఈమె మా అక్క, ఈయన మా తండాలో ఉండే మా చిన్నాయన అని చెప్పేస్తాను. నిన్నగాక మొన్న బ్యాంకులో ముక్కూ మొహం తెలియని మనిషికి మా మేనకోడల్ని పరిచయం చేస్తే, మనవరాలు నవ్వింది, ఎవరడిగారు తాతా అని. ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే, ఆ అరక్షణంలో నా నోరు ఏం చెబుతుందో నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.