అవతలి వీధి కెమెరా

ఆ ఊళ్ళో పైవీధి నుంచి కిందివీధికి వెళ్ళి, మళ్ళీ పైవీధికి వచ్చినా ఎవరూ నిలదీయని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను వసీం. వెల్దుర్తి చుట్టుపక్కల పల్లెలకు ఇంటర్నెట్ తీగలు లాగి, కెమెరాలు బిగించి బతికేవాడు. ఈ వీధి మాట ఆ వీధిలో అనడు, ఎవరికీ అబద్ధం చెప్పడు. అందుకే రెండు వైపులా అతనికి మంచినీళ్ళు పుట్టేవి.

పంచాయతీ ఎన్నికల్లో తలలు పగిలిన దగ్గర్నుంచి ఊరు రెండయింది. ఒకరి పెళ్ళికి ఒకరు పోరు, చావుకీ పోరు. మనిషి పోతే అవతలి వీధికి కబురు పంపడం కూడా మానేశారు. గట్టిగా పిలిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు వినపడే ఊరికి ఇంత పౌరుషం ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

రెండు వర్గాలూ పోటీపడి గుమ్మాల మీద కెమెరాలు పెట్టించుకున్నాయి. బిగించింది వసీమే. "మా బొమ్మలు వాళ్ళకి కనపడ్డాయో, నీ సంగతి చూస్తాం" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. నిజానికి పాలకేంద్రం వెనక గదిలో ఉన్నది ఒకటే స్విచ్చి పెట్టె. రెండు వీధుల తీగలూ వచ్చి అందులోనే చేరతాయి. అతను ఆ పెట్టెలోనే కంటికి కనపడని గోడ కట్టినట్టు రెండు వీల్యాన్లు చేశాడు, పైవీధికి ఒకటి, కిందివీధికి ఒకటి. తీగలు పక్కపక్కనే ఉంటాయి గానీ ఇటు వైపుది అటు వైపుదాన్ని చూడలేదు. ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే ఆ పెట్టెను కూడా రెండు ముక్కలు చేసేవాళ్ళు.

పైవీధికి వీరయ్య పెద్ద. ఆయన భార్య రామాయమ్మ. వసీం తల్లి చిన్నప్పుడే పోయింది. బడి వదిలాక ఆ పిల్లవాణ్ణి వంటింటి గుమ్మంలో కూచోబెట్టి పెరుగన్నం పెట్టింది రామాయమ్మే. ఆమె కూతురు ధరణి కూడా ఆ కంచం పక్కనే కూచుని తిన్నది. ఆ ధరణి పెద్దయ్యాక కిందివీధి కుర్రాణ్ణి చేసుకుని వెళ్ళిపోయింది. వీరయ్య భార్య చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. కూతురి గడప తొక్కకూడదు, ఫోన్లో మాట్లాడకూడదు, ఫోన్లో దాని మొహం చూడకూడదు. రామాయమ్మ ఒట్టు తప్పే మనిషి కాదు. మనవడు పుట్టాడని ఎవరో అనుకుంటుంటే విని, లోపలికి వెళ్ళి ఏడ్చి ఊరుకుంది.

తర్వాత పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచానికి ఎదురుగా టీవీ, అందులో పొద్దస్తమానం గడులు గడులుగా పైవీధి కెమెరాల బొమ్మలు.

ఒకరోజు వసీం, కెమెరా బొమ్మల్ని టీవీకి అందించే రికార్డరు చూడ్డానికి వస్తే ఆమె ఎడమచేత్తో టీవీ వైపు చూపించింది. మాట ముద్దగా వస్తోంది.

"ఒరే, ఆ మూల గడి ఖాళీగా ఉందేందిరా?"

"దానికి కెమెరా లేదు పెద్దమ్మా."

"ధరణి వాళ్ళ గుమ్మం మీద నువ్వే గదరా పెట్టింది. అది ఇందులోకి రాదా?"

వసీం రికార్డరు వదిలి ఇటు తిరిగాడు. "ఒట్టేశావు గదా పెద్దమ్మా."

"గడప తొక్కనన్నా. ఫోన్లో చూడనన్నా. టీవీలో చూడనని ఎప్పుడన్నానురా?" అంది. మూతి ఒక పక్కే నవ్వింది.

అతను కొన్నాళ్ళు వెనకాడాడు. తెలిస్తే రెండు వీధులూ తంతాయి. కానీ ఆమె రోజురోజుకీ కుంగిపోతోంది, డాక్టరు పెదవి విరిచాడు. ఆమె పెట్టిన పెరుగన్నం మాటిమాటికీ గుర్తొచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం పాలకేంద్రం గది తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూచున్నాడు.

రెండు వీల్యాన్లకూ స్విచ్చిలో చెరొక చిరునామా ఇచ్చాడు. వాటి మధ్య రౌటింగ్ తెరిచాడు, అంటే గోడకు తలుపు పెట్టాడు. వీరయ్య ఇంటి రికార్డరూ, ధరణి గుమ్మం మీది కెమెరా తప్ప ఇంకేదీ ఆ తలుపులోంచి పోకుండా కట్టడి చేశాడు. స్విచ్చి నుంచి ఇటు పలకరిస్తే రికార్డరు పలికింది, అటు పలకరిస్తే కెమెరా పలికింది. రెండూ పలికాయి కదా, ఇంకేం కావాలనుకున్నాడు. కెమెరా అద్దం తుడిచే వంకతో కిందివీధికి వెళ్ళి ధరణికి చెవిలో చెప్పాడు.

"రేపు పొద్దున్నే పిల్లాణ్ణెత్తుకుని గుమ్మంలో నిలబడమ్మా. అమ్మ చూస్తది."

ధరణి కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు వీరయ్య చేలోకి వెళ్ళాక వసీం టీవీ బాగుచేసే వాడిలా రామాయమ్మ పక్కన కూచున్నాడు. పని మనిషి కోటమ్మ ఆమెకు తల దువ్వి బొట్టు పెట్టింది. మూల గడి నల్లగానే ఉంది. తీగ పీకి పెట్టాడు, రికార్డరు ఆపి వేశాడు. నలుపే. అవతల ధరణి నిలబడే ఉంటుందని తెలుసు.

"రాలేదా అది?" అంది రామాయమ్మ.

"వచ్చింది పెద్దమ్మా. నిలబడే ఉంది. తప్పు నాది, ఎక్కడో కుదరలా."

"దాని కోపం తీరలేదులేరా. నేను మాత్రం ఏం చేశానని, కడుపుతో ఉంటే ఒక్క పూట అన్నం పెట్టలేదు." ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. వసీం ఎంత చెప్పినా మళ్ళీ ఇటు తిరగలేదు.

గదికి పరిగెత్తి వెతికితే తప్పు దొరికింది. రికార్డరు పంపిన పిలుపు తలుపు దాటి కెమెరా దాకా పోతూనే ఉంది. బదులు పంపాలంటే కెమెరాకు తన వీధి దాటే దారి తెలియాలి. దాన్నే గేట్‌వే అంటారు. కెమెరా సెట్టింగుల్లో అది రాసే చోటు ఖాళీ. బిగించిన రోజున, కిందివీధి వాళ్ళకి పైవీధి దారి దేనికిలే అని వదిలేసింది వసీమే. స్విచ్చికి ఆ వీధిలోనూ చిరునామా ఉంది కనక, పక్కింటివాడు పిలిస్తే పలికినట్టు నిన్న కెమెరా పలికింది. దాన్ని చూసి మోసపోయాడు. ఊరి బుద్ధి తనకీ పట్టిందని నెత్తి కొట్టుకున్నాడు.

గేట్‌వే రాశాడు. ఆ గదిలోనే కూచుని, ల్యాప్‌టాప్‌లో వీరయ్య ఇంటి రికార్డరు తెరిచి చూశాడు. మూల గడిలో ధరణి గుమ్మం, ముగ్గు, ఆరేసిన పిల్లాడి చొక్కాలు. సంతోషానికి కళ్ళు చెమర్చాయి. అప్పటికి వీరయ్య ఇంటికొచ్చేశాడు, వెళ్ళి ఆమెను ఇటు తిప్పి చూపించే వీల్లేదు. రేపు పొద్దున్నే అనుకుని ధరణికి మళ్ళీ చెప్పి వచ్చాడు.

తెల్లవారకముందే రామాయమ్మ పోయింది.

కోటమ్మ ఫోన్ చేస్తే వసీం వచ్చేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. వీరయ్య గోడకానుకుని కూచున్నాడు. టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. వసీం దాని దగ్గరికి పోయేలోపే మూల గడిలోకి ధరణి వచ్చింది. తలంటుకుని, తల్లి ఎప్పుడో కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. పిల్లాణ్ణి పైకెత్తి, వాడి చెయ్యి పట్టుకుని ఊపింది. నవ్వింది. మళ్ళీ ఊపింది.

ఆడవాళ్ళ ఏడుపు ఆగిపోయింది. వీరయ్య తలెత్తి చూశాడు.

"ఏందిరా ఇది?"

వసీం దాచలేదు. అంతా చెప్పాడు.

"చూసిందా మరి?" అన్నాడు వీరయ్య.

"లేదు పెదనాన్నా. నిన్న రాలేదనుకుంది."

వీరయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆపమని అనలేదు, పిలవమనీ అనలేదు. టీవీలో పిల్లాడు కెమెరా వంక వేలు చూపిస్తున్నాడు. వసీం బయటికి వచ్చి కిందివీధికి నడిచాడు. ఎవరూ ఆపలేదు. ఏ వీధి మాటా మోయని మనిషి, ఇవాళ ఈ మాట మోసుకుపోతున్నాడు.

అతన్ని చూడగానే ధరణి మెట్లు దిగి ఎదురొచ్చింది.

"ఇయ్యాల కనపడ్డానా అన్నా? అమ్మ చూసిందా?"

ఆ మొహం చూసి చెప్పాల్సింది చెప్పలేకపోయాడు.

"చూసిందమ్మా."

"వీడు చెయ్యి ఊపాడు. నవ్విందా?"

"నవ్వింది."

ధరణి పిల్లాడి బుగ్గ మీద ముద్దు పెట్టింది. "అమ్మమ్మ చూసిందంటరా, అమ్మమ్మ!" పిల్లాడు మళ్ళీ కెమెరా వంక చెయ్యి ఊపాడు.

అప్పుడే పైవీధిలో డప్పు మొదలైంది. ధరణి అటు తిరిగింది.

"ఎవరు పోయారన్నా, మా వీధిలో?"

వసీం రెండు చేతులూ చాచాడు. "ముందు పిల్లాణ్ణి నాకియ్యమ్మా" అన్నాడు.