వెనకనుంచి తోసిన దెయ్యం: జంగారెడ్డిగూడెంలో ఒక పొట్టిదాని సైకిలు బేరం

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కొలిచేవాళ్ళు మంచివాళ్ళైతే ఇంకో అర అంగుళం కలుపుతారు. రాజమండ్రిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఆదివారాలు పుంతదారుల్లో సైకిలు తొక్కుతాను. ముందు చక్రానికీ వెనక చక్రానికీ కూడా కుదుపులు తట్టుకునే షాకులుండే సైకిలు, అదే ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకు, కొత్తది కొనుక్కుందామని మొన్న ఆదివారం జంగారెడ్డిగూడెం వెళ్ళొచ్చాను. మీలో నాలాంటి పొట్టివాళ్ళెవరైనా అదే పని మీద బయల్దేరుతుంటే ఇది చదివి వెళ్ళండి. అక్కడ నాకు తెలిసిన సంగతికి ఇంకా నోట మాట రావట్లేదు కానీ, రాయడం మాత్రం వస్తోంది.

అసలు ఎందుకు బయల్దేరానో చెప్పాలి. పోయినేడాది ఇదే ఊరి దగ్గర, ఆయిల్‌పామ్ తోట పక్కనున్న జీడిమామిడి దిబ్బ మీదనుంచి మా సైకిళ్ళ బృందంతో దిగుతూ పడ్డాను. మామూలుగా కాదు, హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాను. భుజం దగ్గర ఎముక విరిగింది. లేపి కూర్చోబెట్టగానే నేనన్న మొదటి మాట, "ఎవరో వెనకనుంచి తోశారండీ." నా వెనక నరమానవుడు లేడు. మా ఆయన సత్యం, ఆరడుగుల మనిషి, కింద నిలబడి చూస్తూనే ఉన్నారు. "భయపడి ముందు బ్రేకు నొక్కేశావు భానూ" అని తేల్చేశారు. మా ఆడపడుచు దానికి ఆయిల్‌పామ్ దెయ్యమని పేరు పెట్టింది. అప్పట్నుంచి బృందంలో ఎవరు తూలినా "భానుగారి దెయ్యం వచ్చిందండోయ్" అని ఒకటే గోల. మొదట్లో నేనూ నవ్వాను. నవ్వగా నవ్వగా, నిజంగానే భయపడి బ్రేకు నొక్కానేమో అనిపించింది. తర్వాత అదే నమ్మాను. ఎక్కడ పల్లం కనపడినా దిగి సైకిలు నడిపించుకుంటూ పోవడం అలవాటైంది.

వచ్చే నెల బృందమంతా మారేడుమిల్లి వెళ్తున్నారు. "నువ్వు జీపులో వచ్చెయ్యి, ఎంచక్కా ఫోటోలు తీద్దువుగాని" అన్నారు మా ఆయన. పాపం ప్రేమగానే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "కొత్త సైకిలు మీద అదే దిబ్బ దిగుతాను. దిగలేకపోతే పాతది కూడా అక్కడే ఇచ్చేసి వస్తాను, మళ్ళీ జన్మలో సైకిలు మాటెత్తను" అన్నాను. అనేశాక గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే నేను అన్నమాట మీద నిలబడే రకం.

కాకినాడలో సైకిళ్ళ షాపు నడిపే కిరణ్‌గారికి ఫోన్ చేస్తే, ఆ ఆదివారం మూడు సైకిళ్ళు ట్రాలీలో వేసుకుని జంగారెడ్డిగూడెం తీసుకొస్తానన్నారు. ఆ తోట వాళ్ళ మామగారిదేనట. మేము పొద్దున్నే ఆరింటికి పాత సైకిలు కారు వెనక కట్టుకుని బయల్దేరాం. బ్రిడ్జి దాటి కొవ్వూరు, దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం మీదుగా రెండు గంటల దారి. కారు లేనివాళ్ళకి రాజమండ్రి నుంచి బస్సులున్నాయి, కానీ సైకిలు ఎక్కిస్తారా లేదా అన్నది ఆ కండక్టర్‌గారి దయ. దేవరపల్లి దాటేదాకా పచ్చగా, నున్నగా ఉండే దారి, తర్వాత మెల్లగా ఎర్రమట్టిలోకి ఎక్కుతుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, జీడిమామిడి పూత వాసన. ఆ వాసన తగలగానే నాకు భుజం సలపడం మొదలైంది.

కొయ్యలగూడెంలో రోడ్డు పక్కన పెసరట్టు ఉప్మా తిన్నాం, ఇద్దరికీ కలిపి నూటఇరవై. అల్లప్పచ్చడి కోసమైనా అక్కడ ఆగాల్సిందే. అట్లు వేసే ఆవిడ కారు వెనకున్న సైకిలునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది మీదాండీ? కాళ్ళు అందుతాయా అమ్మా?" అంది.

"ఆయ్, అందుతాయండి. అందేలా చేయించాను" అన్నారు మా ఆయన గర్వంగా.

ఆ గర్వానికి కారణముంది. ఆ సైకిలు, అదీ రెండు చక్రాలకీ షాకులున్నదే, నేను పడకముందు ఆయన ఆఫీసులో ఒక పొడుగు మనిషి దగ్గర కొన్నది. సీటు ఎంత దించినా నా కాళ్ళు నేలకి అందేవి కావు, సీటు గొట్టం లోపల ఫ్రేము వంపుకి తగిలి ఆగిపోయేది. మా ఆయన ఆ గొట్టాన్ని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళి కింద జానెడు కోయించి తెచ్చారు. సీటు అడుక్కంటా దిగింది, రెండు పాదాలూ బుద్ధిగా నేలకి ఆనాయి. ఆ రోజు ఆయన ముఖం చూడాలి, పదో క్లాసు పాసైనంత సంబరం. నేనూ మురిసిపోయాను. మన దగ్గర సైకిలు కొనడమంటే అంతే కదండీ, సీటు మీద కూర్చోబెట్టి కాళ్ళు అందుతున్నాయా అని అడుగుతారు, అందితే బేరం అయిపోయినట్టే.

తోటకి చేరేసరికి కిరణ్‌గారు సైకిళ్ళు దింపి వరసగా నిలబెట్టారు. నన్ను చూడగానే ఊదారంగుది ముందుకి లాగి, "మీకిదేనండి మేడం, లేడీస్ మోడల్" అన్నారు. ఏం తేడా ఉంది అని అడిగితే, రంగు, ఇంకా సీటు మెత్తగా ఉంటుంది అన్నారు. ధర చెప్పారు. అమ్మబాబోయ్! ఆ డబ్బుకి మా స్కూటీలాంటివి రెండొస్తాయి. రంగు కోసం ఇంత పెట్టాలాండీ అని అడిగేశాను, ఆయన నవ్వి పక్కకి పెట్టేశారు.

రెండోది నల్లది, అన్నిటికన్నా చిన్న ఫ్రేము. చక్రాలు మాత్రం రెండూ పెద్దవే. ఎక్కి కూర్చున్నాను. "కాళ్ళు అందుతున్నాయా మేడం?" మునివేళ్ళు మాత్రం. కిరణ్‌గారు సీటు ఇంకా దించారు. "ఇప్పుడో?" పాదాలు ఆనాయి. ముగ్గురికీ ప్రాణం కుదుటపడింది. నా బరువుకి తగ్గట్టు వెనక షాకులో గాలి సరిచేశారు. ఆయిల్‌పామ్ వరసల మధ్య నాలుగు చక్కర్లు కొట్టాను, హాయిగా ఉంది. ఒక్క జాగ్రత్త, కొట్టేసిన మట్టల ముళ్ళ మీద ఎక్కించకండి, టైర్లు దక్కవు.

ఇక దిబ్బ. పైకి నడిపించుకుని వెళ్ళాను. పైనుంచి చూస్తే ఏమంత లేదు, చిన్నపిల్లలు కూడా జారుతూ ఆడుకునేంత. కింద మాత్రం ఒక ఎండిపోయిన బోదె, అదే చిన్న నీటికాలవ, అడ్డంగా ఉంటుంది, నేను పోయినేడాది పడింది అక్కడే. బ్రేకు ముట్టుకోకూడదు, ముట్టుకోకూడదు అని మంత్రంలా అనుకుంటూ వదిలాను. బృందంలో నేర్పినట్టే నడుం వెనక్కి జరిపాను. బోదెలోకి చక్రం దిగింది, షాకు లోపలికి కుంగింది, అంతే. బుర్ర్ర్ మని చప్పుడు, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు ఒక్క తోపు! ముందుకి వెళ్ళి హ్యాండిల్ మీద పొట్ట ఆనించి, సైకిలుతో సహా ఎండుమట్టల కుప్పలో పడ్డాను.

దెబ్బ తగల్లేదు. కానీ కదల్లేకపోయాను. ఆ చప్పుడు నాకు తెలుసు. ఏడాది నుంచి నిద్రలో వినపడుతున్న చప్పుడే అది.

మా ఆయన పరిగెత్తుకొచ్చారు. "మళ్ళీ ముందు బ్రేకేనా భానూ? చెప్తే వినవు కదా!"

"ఏమండీ, నా వేళ్ళు బ్రేకు మీద లేవు" అన్నాను.

"అయితే మళ్ళీ దెయ్యమేనంటావా?"

లేచి వెనక్కి తిరిగాను, మట్టి దులుపుకుందామని. కిరణ్‌గారు "అయ్యో మేడం" అని నోరు మూసుకున్నారు. ఏంటా అని నా బూడిదరంగు ప్యాంటు వెనకభాగం పక్కకి లాక్కుని చూసుకున్నాను. నడుం కింద, నిలువునా, నల్లటి టైరు గుర్తు. గళ్ళతో సహా అచ్చు గుద్దినట్టుంది.

బుర్ర గిర్రున తిరిగింది. చక్రం పైభాగం ఎప్పుడూ ముందుకే తిరుగుతుంది, దానికి తగిలినదాన్ని ముందుకే విసురుతుంది. ఈ ముక్క ప్రతి ఏడూ బోర్డు మీద గీసి చెప్తాను నేను! షాకు పూర్తిగా కుంగినప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది. సీటు అడుక్కంటా దింపి ఉంటే, పైగా నాలాంటి పొట్టి మనిషి నడుం వెనక్కి జరిపితే, ఆ చక్రానికి చోటెక్కడిది? పొడుగువాళ్ళ సీటు ఆకాశంలో ఉంటుంది కాబట్టి వాళ్ళకి ఆ బాధే తెలీదు.

అప్పుడు గుర్తొచ్చింది పాత సైకిలు, పోయినేడాది నేను పడింది దాని మీదే. కారు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. వంగి సీటు కిందికి చూశాను. అక్కడ ఒక నల్లమరక ఉందని నాకు ముందే తెలుసు, గ్రీజనుకున్నాను. వేలు పెట్టి చూస్తే మరక కాదు, గాడి. టైరు ఒరుసుకుని ప్లాస్టిక్ అరిగిపోయింది.

"కిరణ్‌గారూ, దీని షాకులో గాలి మొత్తం తీసెయ్యండి" అన్నాను. సైకిలు కిందికి దింపి ఆయన గాలి తీశారు. "ఏమండీ, మీరు సీటు మీద చేతులు పెట్టి కిందికి నొక్కండి."

మా ఆయన నొక్కారు. వెనక చక్రం మెల్లగా పైకి లేచి, తిన్నగా వచ్చి ఆ గాడిలో కూర్చుంది. ఆయన నొక్కడం ఆపలేదు, అలాగే వంగి దాన్ని చూస్తున్నారు.

"గొట్టం కోయించింది నేనే కదా" అన్నారు.

కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన ముఖం చూస్తే జాలీ వేసింది. "నా కాళ్ళు అందాలనే కోయించారు లెండి" అన్నాను. "కానీ నేను చెప్పిన మాట ఒక్కళ్ళూ నమ్మలేదండీ. ఆఖరికి నేను కూడా." అప్పుడు మాత్రం ఏడ్చేశాను. కిరణ్‌గారు మంచినీళ్ళ వంకతో అటు వెళ్ళారు.

మూడో సైకిలు ఉంది కదా. దానికి ముందు చక్రం పెద్దది, వెనకది ఒక సైజు చిన్నది. హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు దానంతటదే దిగుతుంది, మళ్ళీ నొక్కితే లేస్తుంది, దాన్ని డ్రాపర్ అంటారు. ఈసారి నేను ఎక్కలేదు. ముందు గాలి తీయించాను, సీటు అడుక్కంటా దింపించాను, మా ఆయన చేత నొక్కించాను. చక్రానికీ సీటుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాయి. మళ్ళీ గాలి పెట్టించి ఎక్కాను. సీటు తొక్కే ఎత్తులో ఉంటే కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి.

"కాళ్ళు అందట్లేదండి" అన్నారు కిరణ్‌గారు బెంగగా.

"అందక్కర్లేదండి. ఆగినప్పుడు సీటు దించుకుని దిగుతాను. సీటు ముందున్న మధ్య గొట్టానికి అటూ ఇటూ కాళ్ళేసి నిలబడటానికి చోటుంటే చాలు."

దిబ్బ పైకి వెళ్ళాను. భయం పోయిందని అబద్ధం చెప్పను. సీటు దించి, వదిలాను. బోదె దగ్గరికొచ్చింది. షాకు కుంగింది. కళ్ళు మూసుకోకూడదు కానీ ఒక్క క్షణం మూసుకున్నాను. వెనకనుంచి ఏమీ రాలేదు. చప్పుడు లేదు, తోపు లేదు. సైకిలు అవతల గట్టెక్కి ఆయిల్‌పామ్ నీడలోకి పోయింది, నేను దాని మీదే ఉన్నాను. ఎంత గట్టిగా అరిచానో, తోటలో కొంగలన్నీ లేచిపోయాయి. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా దిగుతూనే ఉన్నాను.

సైకిలు కొన్నాను. ధర మా ఆయనే మాట్లాడారు, నన్ను వినొద్దన్నారు. తిరుగు దారిలో గోపాలపురం దగ్గర కారు పక్కకి ఆపి ఫోన్ తీశారు. ఎవరికో అనుకున్నాను. బృందం గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు. "అందరికీ నమస్కారమండి. పోయినేడాది భాను చెప్పింది నిజమే. తనని వెనకనుంచి తోశారు. ఆ దెయ్యం నేనేనండి." అంతే చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని బండి నడిపారు.

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. టైరు గుర్తు కంటే నన్ను ఎక్కువ బెదరగొడుతున్నది ఇంకోటి. నా ఒంటికి జరిగింది నాకు తెలుసు, అప్పుడే నోరు తెరిచి చెప్పాను, అయినా నలుగురూ నవ్వేసరికి నన్ను నేనే పిరికిదాన్ననుకుని ఏడాది పాటు ప్రతి పల్లంలోనూ దిగి నడిచాను. ఆ ప్యాంటు ఉతకలేదు, ఉతకను కూడా. మీరు వెళ్ళినప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. సైకిలు ఎక్కకముందే వెనక షాకులో గాలి మొత్తం తీయించి, సీటు అడుక్కంటా దింపించి, ఎవరి చేతనైనా గట్టిగా నొక్కించి చూడండి. షాపులో ఎవరైనా కాళ్ళు అందుతున్నాయా అని అడిగితే, వెనక చక్రం నాకు అందుతోందా అని మీరు అడగండి.